కోటగుడిలో మూడో పిలుపు

నాతవరం దారిలో ఉన్న కోటగుడి ఉత్తర వాకిలికి చెడ్డపేరుంది. దీపాల వేళ దాటితే అటు ఎవరూ పోరు. గాంగరాజులు కట్టిన గుడికి గజపతులు కోటగోడ చుట్టాక, ఏదో ముట్టడిలో ఓ కావలివాడు బయట ఉండిపోయాడట. లోపలివాళ్ళని పేరుపెట్టి రెండుసార్లు పిలిచాడు. శత్రువుల మాయ అనుకుని ఎవరూ తలుపు తియ్యలేదు. మూడోసారి పిలవడానికి వాడు లేడు...

వాడి దెయ్యం ఇప్పటికీ రెండుసార్లే పిలుస్తుందట. అందుకే అక్కడివాళ్ళు ఈనాటికీ చీకట్లో మూడో పిలుపుకి గానీ పలకరు.

గుడికొచ్చిన వాళ్ళకి ఈ చరిత్రంతా చెప్పేది అప్పాయమ్మ. మొన్న చెబుతూ చెబుతూ గజపతుల దగ్గర ఆగిపోయింది. ఎంత తడుముకున్నా ముందుకి రాలేదు.

"ఇంక మానెయ్యత్తా. కథంతా సెల్లులో పెట్టి ఇనిపిత్తాం" అంది కోడలు కుమారి.

రేపు అనకాపల్లి నుంచి బస్సు నిండా జనం వస్తున్నారు. వాళ్ళ ముందు తడబడితే ఇక ఆ సెల్లే చెబుతుంది, అప్పాయమ్మ ఇంట్లో కూర్చుంటుంది.

అందుకని ఆ సాయంత్రం కోట లోపల గోడ వెంట నడుస్తూ వల్లె వేసుకుంది. గాంగులు... గజపతులు... ఆ తర్వాత?

ఆ తర్వాత ఎవరో తెలియలేదు గానీ, ఉత్తర వాకిలి మాత్రం వచ్చేసింది. చీకటీ పడింది.

"అప్పాయమ్మా..."

ఊరందరినీ ఆ కథతో హడలగొట్టే మనిషి, కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపాగి... మళ్ళీ —

"అప్పాయమ్మా..."

ఇంకోసారి పిలిస్తే మనిషే. లేకపోతే... అవునూ, ఇది రెండోదా, మూడోదా? కావలివాడి భయం పోయి లెక్క భయం పట్టుకుంది. వేళ్ళు మడిచి చూసుకుంది. ఏ వేలు దేనికి మడిచిందో అదీ గుర్తులేదు!

ఇంతలో బయట గడియ పడింది. రోజూ తలుపులు మూసే సత్తియ్య!

"సత్తియ్యన్నా!"

బయట అడుగులు ఆగాయి.

"సత్తియ్యన్నో!"

చెప్పులు పరుగెత్తిన చప్పుడు.

"నీకు పుణ్యముంటాది... మూడోసారి పిలుత్తన్నాను, అన్నా!"

తలుపు జానెడు తెరుచుకుంది. సందులోంచి సత్తియ్య మీసం వణుకుతోంది.

"ఓలమ్మా, నువ్వేనా! గుడి ముందర నీ జోళ్ళు సూసి పిలిసేను. పలకవేటి?"

"మూడోసారి పిలవాలి కదేటి?"

"పిలిత్తే పలుకుతావు. పలికింది నువ్వు కాపోతే?"

"బాగుంది! రెండుసార్లు పిలిసి వదిలెత్తావా?"

"రెండేటి? నేనొక్కసారే పిలిసేను."

అప్పాయమ్మ మళ్ళీ వేళ్ళు మడిచి చూసుకుంది. రెండోసారి పిలిచింది కావలివాడా... లేక మతిమరుపులో ఒక్క పిలుపునే తను రెండనుకుందా?

గుడివైపు తిరిగి దండం పెట్టింది.

"సామీ... అది దెయ్యమే అయ్యుండాలి. కొబ్బరికాయ కొడతాను."