సెర్చ్‌లో లేని మిషన్ డాక్టర్

షాపులో ఫోన్ మోగడం మానేసి నాలుగు నెలలైంది.

లైను బాగానే ఉంది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే గుయ్యిమంటోంది. ఎస్సై మేడమ్ తన సెల్ నుంచి ఒకసారి కొట్టి చూసింది. మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. మళ్లీ పెట్టేసింది.

"ఎవరో కావాలనే చేశారు మేడమ్. ఎవరో నాకు తెలుసు. మీరు తేల్చి చెబితే చాలు," అంది వదినగారు.

గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పినట్టు చెప్పింది.

అది కుట్టు మిషన్లు రిపేరు చేసే షాపు. ముందు గదిలో పని బల్ల, గోడ పొడుగునా విప్పేసిన మిషన్లు, ఎటు చూసినా నూనె వాసన. వెనక ఇల్లు. షాపు పెట్టిన మనిషిని అందరూ మిషన్ డాక్టర్ అనేవాళ్లు. ఆయన పోయి ఐదు నెలలు. ఆయన భార్యే వదినగారు. మరిది పిలిచే పిలుపు వీధి మొత్తానికీ అంటుకుంది.

ఆ మరిది పేరు చిన్నోడు. నలభై దాటాయి, చెవుల పక్కన నెరిసింది, అయినా చిన్నోడే. అన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. మేడ మీద గదిలో ఉంటాడు. వదినగారి అనుమానం అతని మీదే. ఫోన్ చేసే గిరాకీనంతా దారి మళ్లించి సొంత షాపు పెట్టుకుంటున్నాడని ఆమె లెక్క.

"సాయంత్రం షట్టర్ దించేలోగా తేల్చండి. వాడే అని తేలితే రేపటి నుంచి వాడు ఈ గడప తొక్కడు," అంది.

చిన్నోడు ఆ మాట విన్నాడు. తల ఎత్తలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం ఆగింది.

ఎస్సై మేడమ్ ఇప్పుడు ఎస్సై కాదు. సైబర్ సెల్‌లో పనిచేసి రిటైరైంది. పింఛనుతో ఇంట్లో కూర్చుంటే తోచక, జనానికి దొరక్కుండా పోయిన వెబ్‌సైట్లను వెతికిపెడుతోంది. జీతం పోయింది కానీ నిలదీసే అలవాటు పోలేదు.

మిషన్ డాక్టర్‌కి ఒక వెబ్‌సైట్ ఉంది. ఫోన్లన్నీ అది చూసే వచ్చేవి. ముందు దాని సంగతి అడిగింది.

వెబ్‌సైట్ నిక్షేపంలా ఉందన్నారు ముగ్గురూ. మూడో మనిషి వదినగారి అల్లుడు. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. రోజూ పొద్దున్నే తను వెతికి చూస్తాడట. మొదటి స్థానంలో మనదే వస్తుందట.

"ఏమని వెతుకుతారు?"

"షాపు పేరు కొట్టి."

"ఏ ఫోన్‌లో?"

"నా ఫోన్‌లోనే."

"మీ ఫోన్‌కి మీరంటే బాగా అలవాటు. మీకు నచ్చేదే ముందు పెడుతుంది. పైగా పేరు తెలిసినవాడికి షాపు కనిపిస్తే గొప్పేముంది? తెలియనివాడికి కనిపించాలి."

అల్లుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎస్సై మేడమ్ అతన్నే ముందు పట్టుకుంది. హోమ్ పేజీ తెరిచి, అడుగున ఖాళీగా ఉన్న చోటంతా సెలెక్ట్ చేసింది. తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. కుట్టు మిషన్ రిపేర్, కుట్టు మిషన్ రిపేర్, కుట్టు మిషన్ రిపేర్. పేజీ చివరి దాకా అదే పాట.

"ఇదెవరి పని?"

అల్లుడు తనదేనని ఒప్పుకున్నాడు. మాట ఎన్నిసార్లు ఉంటే అంత పైకి వస్తుందని ఎవరో చెప్పారట.

"మనుషులకి దాచి సెర్చ్‌కి మాత్రం చూపిస్తే దాన్ని మోసమంటారు. సెర్చ్ కూడా అదే అంటుంది. పసిగడితే అడుక్కి నెట్టేస్తుంది. తీసెయ్యండి."

తీసేశాడు. అయితే అది పెట్టింది పోయిన నెలలో. ఫోన్ అప్పటికే చచ్చిపోయి ఉంది. తప్పు ఉంది, నేరం మాత్రం అతనిది కాదు.

తరువాత చిన్నోడు.

"పక్క వీధిలో గది చూశారటగా?"

"చూశాను."

"ఎందుకు?"

"ఈ షాపు మూసేస్తే బల్ల వేసుకోవడానికి ఒక చోటు కావాలి కదండీ."

"మూసేస్తారని ఎవరన్నారు?"

చిన్నోడు వదినగారి వైపు చూశాడు. ఎవరూ అనలేదన్నాడు. ఐదు నెలలుగా ఈ షాపులో ఎవరూ ఏమీ అనడం లేదన్నాడు.

వెబ్‌సైట్‌లో వేలు పెట్టారా అంటే, తనకి పాస్‌వర్డ్ తెలుసుగానీ ఎప్పుడూ ముట్టుకోలేదన్నాడు. దొంగ కూడా సరిగ్గా ఇలాగే చెబుతాడు. ఎస్సై మేడమ్ అతని మాట నమ్మలేదు. నమ్మకుండానూ పోలేదు.

సైట్ పనులు చేసే కంప్యూటర్ పడక గదిలో ఉంది. పాస్‌వర్డ్ రాసిన చీటీ బీరువాలో ఉందంటూ వదినగారు వెళ్లి బీరువా తెరిచింది. లోపల ఆయన చొక్కాలు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు చెదరకుండా పేర్చి ఉన్నాయి.

"ఎవరికీ ఇవ్వలేదా అమ్మా?"

"ఇవ్వలేను. అలాగని చూడలేను కూడా. అందుకే తలుపేసి ఉంచాను."

చీటీ ఇచ్చి తలుపు మూసింది.

ఎస్సై మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు సెర్చ్ రిపోర్టు తెరిచింది. ఎవరు ఏ మాట కొట్టి ఏ పేజీకి వచ్చారో అందులో తెలుస్తుంది. వచ్చినవాళ్ల లెక్క చూపే గీత ఏళ్ల తరబడి మెల్లగా పైకి పోయింది. ఒక వారంలో కిందకి జారింది. మళ్లీ లేవలేదు.

సైట్‌లో చాలా పేజీలున్నాయి. షాపు గురించి, ధరలు, అడ్రస్, అమ్మకానికి ఉన్న పాత మిషన్లు. అవన్నీ బాగానే ఉన్నాయి. పదకొండు పేజీలు మాత్రం సెర్చ్‌లో లేవు. ఎవరూ చెరిపెయ్యలేదు. ఒక్కో పేజీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, "ఈ పేజీని సెర్చ్‌లో చూపించవద్దు" అన్న చోట టిక్కు పెట్టారు.

ఎప్పుడు? ఆయన పోయిన మూడు వారాలకి.

ఎవరి లాగిన్? ఆమె కళ్లజోడు సర్దుకుని మరోసారి చూసింది.

మిషన్ డాక్టర్‌దే.

మనిషి పోయాక మూడు వారాలకి, ఇదే కంప్యూటర్ నుంచి, పదకొండు పేజీలు ఆయన పేరుతోనే మాయమయ్యాయి. పాస్‌వర్డ్ ఈ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఎస్సై మేడమ్ ఆ పేజీలన్నీ ఓపిగ్గా చదివింది. తరువాత అందరినీ ముందు గదిలోకి రమ్మంది.

చిన్నోడు టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. ఎస్సై మేడమ్ తన ఫోన్ తీసి వాళ్ల ముందు పెట్టింది.

"మీ ఇంట్లో మిషన్ చెడిపోయింది. ఈ షాపు ఒకటుందని మీకు తెలియదు. ఏమని వెతుకుతారు? ఒక్కొక్కరూ కొట్టండి."

చిన్నోడు "మిషన్ డాక్టర్ షాపు" అని కొట్టాడు. షాపు ఉందని తెలియదన్నాను కదా అంటే బుర్ర గోక్కున్నాడు. అల్లుడు "నంబర్ వన్ బెస్ట్ కుట్టు మిషన్ సర్వీస్ సెంటర్" అని కొట్టాడు. అంత తీరిక ఎవరికుంటుంది బాబూ అంది ఎస్సై మేడమ్.

వదినగారు ఫోన్ అందుకుంది. ఆలోచించలేదు. "కింద దారం ఉండలు కడుతోంది" అని కొట్టి వెనక్కి ఇచ్చేసింది.

ఎస్సై మేడమ్ ఆ మాటలు పైకి చదివింది.

"మాయమైన పేజీల్లో మొదటి దాని పేరు ఇదే. అక్షరం తేడా లేదు. మిగతావీ ఇలాంటివే. కుట్టు మధ్యలో ఎగిరిపోతోంది. సూది విరుగుతూనే ఉంది. తొక్కితే చక్రం వెనక్కి తిరుగుతోంది. మిషన్ చెడినవాడు సర్వీస్ సెంటర్ అని వెతకడు, వాడి బాధ వాడు కొట్టుకుంటాడు. అందుకే ఈ సైట్ అంత బాగా నడిచింది. డాక్టర్ గారు చెబుతుంటే ఈ పేజీలు రాసిందెవరు?"

"నేనే," అంది వదినగారు. "ఆయనకి టైపింగ్ రాదు."

"గిరాకీ దోచుకునేవాడైతే ధరల పేజీ లేపేస్తాడు. కసి ఉన్నవాడైతే సైట్ మొత్తానికీ ఒకే టిక్కు ఉంది, అది నొక్కి చేతులు దులుపుకుంటాడు. ఇక్కడ అలా జరగలేదు. ఇన్ని పేజీల్లోంచి, ఫోన్లు తెచ్చే పేజీలేవో అవే ఏరి పక్కన పెట్టారు. ఏ పేజీ చూసి ఎవరు ఫోన్ చేస్తారో చిన్నోడికి తెలియదు, అల్లుడికి తెలియదు. ఇప్పుడే చూశాం. అది తెలిసేది రోజూ ఫోన్ ఎత్తేవాళ్లకే."

ఎస్సై మేడమ్ వదినగారి వైపు తిరిగింది.

"పైగా ఒక్కటి కూడా చెరపలేదమ్మా. కనపడకుండా తలుపేసి ఉంచారు. చొక్కాల్లాగే."

వదినగారు షాపు ఫోన్ వైపు తిరిగింది. మాట్లాడినప్పుడు కూడా దానితోనే మాట్లాడుతున్నట్టుంది.

"ప్రతి పేజీ కిందా ఆయన మాటగా రాసుంది. నేను చూస్తాను, ఒక్క ఫోన్ కొట్టండి అని. కొట్టేవాళ్లు. డాక్టర్ గారున్నారా అని అడిగేవాళ్లు. లేరు అంటే ఎప్పుడొస్తారనేవాళ్లు. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది."

టీ గ్లాసు పక్కకి జరిపింది.

"ఒక మధ్యాహ్నం కూర్చుని ఏదో నొక్కాను. నొక్కినట్టు గుర్తుంది. ఫోన్ ఆగితే చాలనుకున్నాను. ఆగింది. ఆ తరువాత ఎందుకు ఆగిందో మర్చిపోయాను మేడమ్. నిజంగానే మర్చిపోయాను. వీడు గది చూశాడని తెలిసింది. వీడే అనుకున్నాను."

అబద్ధమాడుతున్న మొహాలు ఎస్సై మేడమ్ చాలా చూసింది. ఇది అలాంటిది కాదు. ఆ రోజుల్లో తిన్నదీ పడుకున్నదీ కూడా ఆమెకి గుర్తుండి ఉండదు.

చిన్నోడికి కోపం రావాలి. నాలుగు నెలలు దొంగని చూసినట్టు చూస్తే ఎవరికైనా వస్తుంది. అతనికి బాధే వేసింది. ఆ ఫోన్లు తనూ వినేవాడు. బల్ల దగ్గర కూర్చుని, వదిన ఎత్తుతుందిలే అనుకునేవాడు. ఒక్కసారి కూడా లేచి వెళ్లలేదు.

"నిన్ను చాలా అన్నానురా," అంది వదినగారు.

"అన్నావులే వదినా. టీ చల్లారిపోతోంది, తాగు."

ఎస్సై మేడమ్ కంప్యూటర్ తెప్పించి బల్ల మీద పెట్టించింది. టిక్కులు ఒక్కొక్కటే తీయించింది. పేజీల పేర్లు మార్చొద్దంది. అవి జనం నోట వచ్చిన మాటలు, వాటికి మించినవి ఎంత డబ్బిచ్చినా దొరకవంది. మార్చాల్సింది ఒకటే ఉంది.

"పేజీలో రాసింది ఇప్పటికి నిజమై ఉండాలి. ఆయన చూస్తారని రాసి ఉంటే ఆయన్నే అడుగుతారు. పైన ఒక వాక్యం పెట్టండి. ఏం జరిగిందో, ఇప్పుడు మిషన్లు ఎవరు చూస్తారో. ఒకసారి రాస్తే ఇంక మీరు చెప్పక్కర్లేదు. ఫోన్ చేసేలోపే పేజీ చెప్పేస్తుంది."

అల్లుడు తను రాస్తానని ముందుకొచ్చాడు. వదినగారు వద్దంది. కీబోర్డు దగ్గరకి లాక్కుంది.

మిషన్ డాక్టర్ గారు చనిపోయారు. ఆయన దగ్గర పని నేర్చిన తమ్ముడు చిన్నోడు ఇప్పుడు మీ మిషన్ చూస్తాడు.

మొదటి వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. రెండోది గబగబా వచ్చేసింది. పదకొండు పేజీల్లోనూ అదే పెట్టింది. కళ్లు తడవలేదు. చివరి పేజీ అయ్యాక మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

రేపే ఏమీ జరగదని చెప్పి వెళ్లింది ఎస్సై మేడమ్. సెర్చ్ మళ్లీ వచ్చి ఆ పేజీలు చదువుకోవాలి, నమ్మకం కుదరాలి, వారాలు పట్టొచ్చు. ఈలోగా సొంత పేరు వెతుక్కుని మురిసిపోవద్దని అల్లుడికి ప్రత్యేకంగా చెప్పింది.

నెల దాటాక రిపోర్టు చూద్దామని వచ్చింది. షట్టర్ సగమే తీసి ఉంది. చిన్నోడు బల్ల దగ్గర ఉన్నాడు. పక్క వీధి గది వద్దని చెప్పేశాడట. వదినగారు అదే కుర్చీలో, అదే మొహంతో ఉంది. కొత్తగా ఏమీ అడగలేదు, చెప్పలేదు.

గీత ఒక పిసరు లేచింది. ఎస్సై మేడమ్ ఆ మాట చెప్పబోతుంటే ఫోన్ మోగింది.

వదినగారు దాని వంక చూసింది. ఈసారి చిన్నోడు లేవబోయాడు. ఆమె చెయ్యి చూపించి ఆపింది. రెండు రింగులు పోనిచ్చి ఎత్తింది.

అవతల ఒక ఆడగొంతు. కుట్టు ఎగిరిపోతోందట, పేజీ చూసి చేస్తోందట. చిన్నోడు గారున్నారా అని అడిగింది.

ఆయన పోయాక, ఉన్నారా అని అడిగిన ప్రతివాళ్లకీ ఈ ఫోన్‌లో వదినగారు చెప్పింది ఒకటే జవాబు, లేరు అని.

"ఉన్నాడమ్మా," అంది. "ఇక్కడే ఉన్నాడు. ఇస్తున్నాను ఉండండి."

చిన్నోడు నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.