మూడో మీట

ముసురు పట్టి ఆ రోజు మధ్యాహ్నమే ఆఫీసులో లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. సిస్టమ్స్ చూసే ఆవిడకి ఒళ్ళు హూనమైపోయి ఉంది. అమ్మకి గుండె బాగోలేదు, రాత్రుళ్ళు నిద్ర లేదు. ఇంట్లో అమ్మకి తోడు తన ఎనిమిదేళ్ళ కూతురు ఒక్కతే. "ఈ ఒక్క పనీ అయిపోతే వచ్చేస్తానమ్మా" అని అమ్మకి మెసేజ్ పెట్టి, ఆ విండోని తెర మీద ఓ మూల అలాగే వదిలేసింది. ఏం చేస్తాం, ఉద్యోగమంటే అంతే.

పని చిన్నదే. ఎక్కడో దూరాన ఉన్న యూనిక్స్ రకం కంప్యూటర్ మెషిన్‌ని ఇక్కడి తెర మీద నడపాలి. దానికి మౌస్‌కి మూడు మీటలుండాలి. ఎడమదానితో మాటల్ని ఎంచుకుని మధ్యదాన్ని నొక్కితే, తెర మీది బాణం ఎక్కడుంటే అక్కడ ఆ మాటలు పడతాయి. ఈ మౌస్‌కున్నవి రెండే. రెండూ ఒకేసారి నొక్కితే మధ్యది నొక్కినట్టు లెక్కేసుకోమని మెషిన్‌కి చెప్పాలి. ఇదివరకు ఈ కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఇదే పని చేస్తూ, సగంలో బల్ల మీద తల వాల్చి మరి లేవలేదు. చెయ్యి మౌస్ మీదే ఉందట.

సెట్టింగ్ పెట్టి, ఎడమ మీట ఒక్కటే నొక్కి చూసింది.

"అలిసిపోయావు" అని తెర మీద పడింది.

తను ఎంచుకున్న మాట కాదే... కుడి మీట ముట్టుకోనైనా లేదు.

పక్క గదిలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని పిలిచింది. ఆయన చూసి గొంతు తగ్గించాడు. "పెద్దాయన మాటమ్మా అది. అందరినీ అలాగే పలకరించేవాడు. కట్టేసి ఇంటికెళ్ళిపో."

"ఏదో పాతది మెషిన్‌లో ఉండిపోయుంటుంది అన్నా. రేపు అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇవాళే తేల్చేస్తా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ సెట్టింగ్ తీసేసి మళ్ళీ ఎడమ మీట నొక్కింది.

"తల వాల్చు."

ఈసారి కళ్ళారా చూసింది. కుడి మీట దానంతటదే దిగింది... టిక్. ఎక్కడినుంచో తలనూనె వాసన వచ్చింది.

చెయ్యి తీసేయబోయింది. రాలేదు. పైన ఏదో బరువు... బాణం మెల్లగా పక్కకి జరిగింది. వేలు మీట మీద పడింది. టిక్.

తెర మధ్యలో ఏమీ రాలేదు. బరువు పోయింది. అమ్మయ్య అనుకుని మౌస్ తీగ పీకేసింది.

ఫోన్ మోగింది. కూతురు.

"అమ్మా... నువ్వు చెప్పావని అమ్మమ్మ తల వాల్చింది. లేపుతుంటే లేవట్లేదు."

ఆవిడ తెర మూలకి చూసింది. అమ్మకి తను పెట్టిన మెసేజ్ కింద ఇంకొకటి వెళ్ళి ఉంది. "తల వాల్చు."

"పక్కింట్లోకి పరుగెత్తు తల్లీ... ఎవరినైనా పిలు..." ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

బల్ల మీద, తీగ లేని మౌస్‌కి రెండు మీటలూ ఒకేసారి దిగాయి.

అవతల పాప ఆవలించింది.

"నన్ను కూడా వాల్చమంటున్నావా అమ్మా?"