ఎక్కడ తన్నారు?

"తప్పుకోండి... తప్పుకోండి!"

స్ట్రెచర్ పక్కనే పరిగెడుతోంది సిస్టర్. ఒక చేతిలో సెలైన్ సీసా. ఇంకో చెయ్యి పేషెంట్ నాడి మీద.

నూట ముప్పై... దారంలా ఉంది!

పాతికేళ్లుంటాయేమో. ముఖం తెల్లగా పాలిపోయింది. చేతులకి బేడీలు.

"ఏమైంది?" డ్యూటీ డాక్టర్ ఎదురొచ్చాడు.

"తాగి స్టేషన్ మెట్ల మీంచి పడ్డాడు. తలకి తగిలింది," అన్నాడు ఎస్సై, తాపీగా.

కనుబొమ్మ మీద చిన్న చీలిక. డాక్టర్ చూపు అక్కడే ఆగింది.

"తల స్కాన్‌కి తీసుకెళ్లండి!"

సిస్టర్ కదల్లేదు. వంగి నోటి వాసన చూసింది. మందు కంపే లేదు!

"సార్, బీపీ ఎనభై. తలకి తగిలితే ఇంతలా పడిపోదు. లోపలెక్కడో రక్తం పోతోంది!"

"ఎక్కడ? ఛాతీలోనా, పొట్టలోనా? పొట్ట స్కాన్ మిషన్ కాన్పుల వార్డులో ఉంది. తెచ్చేసరికి పది నిమిషాలు!"

పది నిమిషాలు ఇతనికి లేవు. సిస్టర్ అతని చెవి దగ్గరికి వంగింది.

"బాబూ, ఎక్కడ కొట్టారు? చెప్పు నాన్నా!"

అతని కళ్లు ఎస్సై వైపు తిరిగాయి.

"మెట్లు..."

ఛీ! చావు ముంచుకొస్తున్నా భయమే!

"మీరు బయటికెళ్లండి!" ఎస్సై మీద అరిచింది.

"ముద్దాయి పారిపోతే పూచీ నీదా?"

"ఇతను లేచి నిలబడితే చాలు. నేనే దగ్గరుండి పరిగెత్తిస్తా!"

అప్పుడు చూసింది... ఎస్సై వెనక నిలబడ్డ కానిస్టేబుల్‌ని.

తమ్ముడు!

తను రాత్రి డ్యూటీలు చేసి చదివించిన తమ్ముడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

ఒక్క ఉదుటున వెళ్లి వాడి కాలర్ పట్టుకుంది.

"ఒరేయ్! నా మొహం చూసి చెప్పు. ఎక్కడ తన్నారు?"

వాడు ఎస్సై వైపు చూశాడు.

"నోరు మెదిపావో..." ఎస్సై గొంతు.

"చచ్చిపోతాడురా!"

"ఎడమవైపు, అక్కా... పక్కటెముకల కింద... బూటుతో!"

డాక్టర్ అక్కడ నొక్కాడు. పేషెంట్ కెవ్వుమన్నాడు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది!

"స్ప్లీన్ పగిలింది, పొట్టలోకి రక్తం పోతోంది! థియేటర్‌కి! నాలుగు సీసాల రక్తం! ముందా బేడీలు తియ్యండయ్యా!"

ఎస్సై కదల్లేదు. తాళంచెవి తీసింది తమ్ముడే.

థియేటర్ తలుపులు మూసుకున్నాయి.

నలభై నిమిషాలు.

బెంచీ మీద తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు. సిస్టర్ వాడి భుజం తట్టింది.

"నిజం చెప్పావు, అంతే చాలు. మీ ఎస్సై చేసిన పాపం నీకెందుకు అంటుతుందిరా? ఆయన సంగతి నేను చూస్తా."

"అక్కా... అది కాదే..."

తలుపు తెరుచుకుంది. డాక్టర్ మాస్క్ కిందికి లాగాడు. తల అడ్డంగా ఊపాడు.

"రాగానే చెప్పుంటే బతికేవాడు."

ఎవరు కన్న బిడ్డో!

సిస్టర్ విసురుగా కౌంటర్ దగ్గరికి నడిచింది. పోలీసు కేసుల రిజిస్టర్ తెరిచింది. 'గాయం ఎలా అయింది' అన్న గడి ఖాళీగా ఉంది.

ఎస్సై చెయ్యి పేజీ మీద పడింది.

"మెట్లు అని రాయి."

"చస్తే రాయను! బూటు అని రాస్తా. తన్నిందెవరో కూడా రాస్తా!"

ఎస్సై చెయ్యి తీసేశాడు. నవ్వాడు.

"రాయమ్మా. పేరు నీ తమ్ముణ్ణే అడుగు."

గిర్రున వెనక్కి తిరిగింది.

తమ్ముడు ఏడుస్తున్నాడు.

"ఈయనే తన్నమన్నాడక్కా... తన్నకపోతే నువ్వు పనికిరావన్నాడు... ఒక్కసారే..."

"ఒరేయ్!"

"తన్నింది నేనే అక్కా!"

పెన్ను జారిపోయింది. వీడినా? ఈ చేతులతో అన్నం పెట్టి పెంచిన వీడినా పట్టివ్వడం?

"మెట్లేగా?" ఎస్సై గొంతు మెత్తగా ఉంది. "నీ తమ్ముడు ఇంటికొస్తాడు. నువ్వూ నిద్రపోతావు."

ఆమె ఖాళీ గడి వైపు చూసింది.

తమ్ముడు వంగాడు. పెన్ను తీసి ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. మొహం తుడుచుకుని ఎస్సై కళ్లలోకి సూటిగా చూశాడు.

"రెండు పేర్లూ రాయక్కా... ముందు నాది రాయి!"

ఎస్సై చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి వెళ్లింది.

సిస్టర్ తమ్ముడి పేరు రాయడం మొదలుపెట్టింది.