రెండో దెబ్బ

మే నెల మధ్యాహ్నం గోదావరిఖని రోడ్ల మీద కుక్క కూడ కనపడదు. క్వార్టర్ల కిటికీలన్ని మూసుకొని, కూలరు పెట్టుకొని, జనం ఎక్కడోళ్ళక్కడ పడి ఉంటరు. ఎంత మూసినా ఓసీపీ దుమ్ము, ఊరి పక్కన పైనుంచి తవ్వే బొగ్గు గని దుమ్ము, ఆగదు. పొద్దున తుడిచిన టీవీ మీద మధ్యాహ్నానికల్ల వేలితోని పేరు రాయొచ్చు. నేను చెప్పేది అట్లాంటి మధ్యాహ్నాలల్ల జరిగింది. దెయ్యానికి అర్ధరాత్రి కావాలె, అమావాస్య కావాలె అని రాసెటోళ్ళు బొగ్గుబాయి ఎన్నడు దిగి ఉండరు. బాయిల పగలేంది, రాత్రేంది?

ఆ రోజు నేను మిషను మీద జాకెట్లు కుడుతున్న. మా అన్న బిడ్డ సుసన్నా చాప మీద కూసోని టీవీల ఆట ఆడుతున్నది. కరీంనగర్‌ల నర్సింగు చదువుతది, సెలవులకు వచ్చింది. వాళ్ళమ్మకు ఆఫీసుల జనరల్ షిఫ్టు, ఐదు దాటితేగాని రాదు.

ఆ ఆటంటే మా ఇంట్ల ఒక చరిత్ర. నా చిన్నప్పుడు మా అన్న నతానియేలు లక్ష్మీనగర్ల టీవీ గేమ్ కొనుక్కొచ్చిండు. దాంట్ల ఒక క్యాసెట్టు, ఉడుత దుముకుడు ఆట. నెత్తి మీద దీపం పెట్టుకున్న ఉడుత గుంతలు దుముకుతది, కాయలు ఏరుకుంటది, అడ్డమొచ్చినదాన్ని తోకతోని కొడతది. దాని ఇంగ్లీషు పేరు ఎవనికి కావాలె, మాకు వాడు ఉడుతోడు. మొదటి రిమోటు అన్నది, రెండోది నాది. నేను ముందు ఉరికి గుంతల పడి చచ్చేది. అన్న గుంత అంచు మీద నిలబడి, నేను మళ్ళ బతికి వచ్చేదాక కదలకపోయెటోడు. ఉడుతోనివి ఇంతకుముందే ఏడు భాగాలు వచ్చినయి. ఎనిమిదోది ఈ సంవత్సరం వచ్చింది. సుసన్నా పండుగ అయినట్టు కొనుక్కొచ్చింది.

"అత్తా, ఒక్కసారి ఆడు."

"జాకెట్లు నువ్వు కుడతవా?"

"రాదని చెప్పరాదు, సరిపోతది."

"నేను ఉడుతోని తోక ఊపిననాటికి మీ అమ్మకు పెండ్లి కూడ కాలె, పో."

పిల్ల నవ్వింది. అది నవ్వితే అచ్చం మా అన్నే. దానికి రెండేండ్లున్నప్పుడు పోయిండు.

కొంచెంసేపటికి "అరె, తోడొచ్చిండు" అన్నది సుసన్నా. తలెత్తి చూసిన. తెర మీద రెండు ఉడుతలున్నయి. ఒకటి మనది, గోధుమ రంగు. ఇంకోటి నల్లగ ఉన్నది, నెత్తి మీద దీపం వెలుగుతలేదు.

"స్నానం చెయ్యక వచ్చినట్టున్నడు," అన్న నేను. "షిఫ్టు దిగి సక్కగ నీ ఆటలకు వచ్చిండు."

"రెండో రిమోటు కవరు కూడ విప్పలే అత్తా. ఆటనే పంపుతదేమో."

రెండో రిమోటు బీరువా మీద డబ్బాల ఉన్నది. అట్లనే ఉన్నది. నేను లేచి చూసిన.

నల్ల ఉడుత ముందర నడుస్తుంటే మన ఉడుత వెనుక పోతున్నది. తెర మీద చెట్లు పోయినయి, ఆకాశం పోయింది. కట్టె దిమ్మెలు, వాటి మీద బండ, గోడ పొడవునా ఒక ఇనుప పైపు. బాయి. నల్ల ఉడుత పైపు దగ్గర ఆగి తోకతోని కొట్టింది.

టంగ్.

ఆగింది. కొంచెంసేపటికి మళ్ళ అదే ఒక్కటి… టంగ్.

నా మిషను ఆగిపోయింది. నేనే ఆపిననో, కాలు దానంతటదే ఆగిందో తెల్వదు.

"దారి తెరవాలంటే మనం కూడ కొట్టాలనుకుంట," అని సుసన్నా వేలు రిమోటు మీద పెట్టింది.

"కొట్టకు" అనేలోపల కొట్టింది.

టంగ్.

తెర మీద రెండు ఉడుతలు కదలకుండ నిలబడ్డయి. కూలరు చప్పుడు ఒక్కటే వినపడుతున్నది. అప్పుడు పైపు మళ్ళ మోగింది. మన ఉడుత కొట్టలె. నల్లది కూడ తోక ఎత్తలె.

టంగ్… టంగ్.

రెండు.

ఇది ఎందుకు భయపడే సంగతో చెప్త. సుసన్నాకు మేం చెప్పలేదు. మా తప్పు అదే.

బాయిల ఒక పద్ధతి ఉన్నది. పైబండ కూలి మనుషులు లోపల చిక్కితే నీళ్ళ పైపు మీద రాయితోని కొడతరు. ఎంతమంది పానంతో ఉంటే అన్ని దెబ్బలు. బయటోళ్ళు విని, అన్నే దెబ్బలు తిరిగి కొడతరు. లెక్క అందింది, వస్తున్నం అని. ముప్పై ఏండ్లు బొగ్గు కొట్టిన మా నాన యేసయ్య చెప్పెటోడు: "బదులు కొడితే మాట ఇచ్చినట్టే బిడ్డా. పోలేనోడు కొట్టొద్దు."

పదిహేడేండ్ల కింద బండ కూలి ముగ్గురు చిక్కిన్రు. మా అన్న, గట్టయ్య, ముత్యం. మొదటి రోజు మూడు దెబ్బలు. రెండో రోజు రెండు. మూడో రోజు ఒకటి. రెస్క్యూ వాళ్ళు పానం పెట్టి తవ్విన్రు, అబద్ధమెందుకు చెప్పాలె. తవ్వినకొద్ది బండ జారింది. బాయి మీద మూడు ఇండ్ల ఆడోళ్ళం కూసున్నం. ఆ ఒక్క దెబ్బ తమ మనిషిదే అని మూడు ఇండ్లోళ్ళకు నమ్మకం. నేను ఓపలేక పైపు దగ్గరికి ఉరికి, రాయి తీసి, నా చేతితోనే బదులు కొట్టిన. ఒకటి. వస్తున్నం అని. నాలుగో రోజు పైపు పలకలె. ఐదో రోజు ముగ్గురిని తెచ్చిన్రు. ఆ ఆఖరు దెబ్బ ఎవరిదో ఇప్పటికీ తెల్వదు.

ఆ వారం గురించి మా ఇంట్ల మళ్ళ ఎవరు నోరు తెరవలె. పిల్ల పెద్దగయింది. పైపు మోగితే బదులు కొట్టింది. లోపల చిక్కినోళ్ళ లెక్కల అది రెండోది అయింది.

తెల్లారి నుంచి దగ్గు పట్టుకున్నది. ఉమ్మితే నల్లగ పడ్డది. గోర్ల సందుల నలుపు, సబ్బుకు పోలె. దవాఖానకు తీసుకపోయిన. ఎక్స్‌రేల ఏం లేదన్నరు. కఫం చూసిన సిస్టరమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి మెల్లగ అడిగింది, "ఈ పిల్ల ఏ బాయిల చేస్తది?" అని.

వదిన ఏడ్చి, ఆ డబ్బాను గోదావరిల పారెయ్యమన్నది. నేను టీవీ వైరు పీకేసి వదినను వంటింట్లకు తీసుకపోయిన. ఇద్దరం నిలబడి విన్నం. నల్లా కట్టేసి ఉన్నది. నల్లా పైపుల నుంచి… టంగ్… టంగ్.

"ఇప్పుడు చెప్పు వదినా, పైపులు కూడ పీకి పారేద్దామా?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. సాయంత్రం ప్రార్థన పెట్టించింది. నేను వద్దనలె. కానీ మోకాళ్ళ మీద ఉన్నంతసేపు నా చెవి వంటింట్లనే ఉన్నది.

నాలుగో రోజు మధ్యాహ్నం. వదిన డ్యూటీకి పోయింది, సెలవు ఇయ్యలె. నేను బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి సుసన్నా టీవీ ముందర ఉన్నది. వైరు పెట్టుకున్నది. చాప మీద ఒక పక్కకు ఒరిగి, రిమోటు ఛాతీకి ఆనించుకొని, బట్టలకెళ్ళి గాలి పీల్చినట్టు పీలుస్తున్నది. తెర మీద మన ఉడుత కూడ నల్లబడ్డది. దీపం ఇంకొంచెమే వెలుగుతున్నది.

"కిందికి పోవాలె అత్తా," అని గుసగుసగ అన్నది. "ఆయన ఎదురు చూస్తున్నడు. లోపల చల్లగ ఉంటదట."

"ఎవరు చెప్పిన్రే?"

"నాన."

నాకు ముందు భయమైంది. దాని వెనుకనే కోపమొచ్చింది. నా సంగతి నాకు తెలుసు, కోపం వచ్చినంక నాకు ఇంకేం కనపడదు. పిల్ల తల నా ఒళ్ళె పెట్టుకొని, దాని చేతులకెళ్ళి రిమోటు గుంజుకున్న. జీవితంల మొదటిసారి మొదటి రిమోటు నా చేతిల ఉన్నది.

దిగిన.

గుంత మీద గుంత. నల్ల ఉడుత ముందర దుముకుతున్నది. ఎక్కడా ఆగుతలేదు, వెనుకకు చూస్తలేదు. నేను దుముకుతున్న. ఇంట్ల తడి కట్టె వాసన వస్తున్నది… తుపాకిమందు వాసన… మా నాన అంగి విప్పినప్పటి చెమట వాసన. కూలరు తిరుగుతనే ఉన్నది కానీ చలి అట్నుంచి వస్తలేదు. తెర నుంచి వస్తున్నది. నా పాదాలు జివ్వుమన్నయి. ఒళ్ళె పిల్ల తల బరువైతున్నది.

అడుగుకు చేరినం. ముందర బండ. ఇంక దారి లేదు. పైపు.

టంగ్… టంగ్.

నేను తోకతోని కొట్టిన, పిల్లను లెక్కకు పట్టకుండ. ఒకటి.

టంగ్… టంగ్.

ఒకటి.

టంగ్… టంగ్. ఈసారి తెరల కాదు. చాప కింద. నా తొడలకు తగిలింది.

"లెక్క నాకు నేర్పుతున్నవా?" అన్న. "నువ్వు గట్టయ్యవో, ముత్యానివో, మా అన్నవో నాకు తెల్వదు. ఎవరైనా కానీ విను. రాయి పట్టుకొని వస్తున్నం అని చెప్పింది నేను. డెబోరాను. ఇది అప్పుడు పాలు తాగే పిల్ల. ఇది తెల్వక కొట్టింది, నేను తెలిసి కొట్టిన. అడిగేదుంటే నన్నడుగు."



నల్ల ఉడుత తిరిగి నా దిక్కు చూసింది. దానికి మొఖం ఉండాల్సిన చోట బొగ్గు ఉన్నది…

"మా అన్న గుంత అంచు మీద నిలబడి నా కోసం ఆగెటోడు. నువ్వు ఒక్క గుంత కాడ కూడ ఆగలె. అయినా సరే, నువ్వు మా అన్నవే అయితే నీ బిడ్డను లెక్కల నుంచి తియ్యి. కాకపోతే నీ పేరుతోని నాకు పని లేదు. ఇంట్ల నుంచి నడువు."

పిల్ల ఊపిరి ఆగింది.

లోపలికి పోయిన గాలి బయటికి రాలె. నేను దాని ఛాతి మీద చెయ్యి పెట్టిన. ఏం లేదు… రెండో చేత్తోని రిమోటు వదలలె. కొట్టిన. ఒకటి. ఇంకోసారి. ఒకటి. పైపు పలికేదాక కొడతనే ఉన్న, బొటనవేలు పగిలి రిమోటు మీద నెత్తురు అంటింది…

బయట ఓసీపీ సైరన్ కూసింది. మూడు గంటల బ్లాస్టింగ్. ఎప్పటిలెక్కనే కిటికీలు గలగలమన్నయి, గోడ నుంచి సున్నం రాలింది, కరెంటు పోయింది. కూలరు ఆగింది. టీవీ నల్లబడ్డది.

ఆ నిశ్శబ్దంల నేను ఎదురు చూసిన. ఎంతసేపో తెల్వదు.

టంగ్.

ఆగింది. నేను లెక్క పెట్టుకుంటున్న. రెండోది రావొద్దు, రావొద్దు…

రాలె.

సుసన్నా ఒక్కసారి గుంజుకొని దగ్గింది. చాప మీద గుప్పెడంత నల్లటి నీళ్ళు కక్కింది. కండ్లు తెరిచి, "అత్తా, ఉక్కపోస్తున్నది, కూలరు ఎందుకు బందు పెట్టినవు?" అని విసుక్కున్నది. నేను దాన్ని కొట్టినంత పనిచేసి, గట్టిగ పట్టుకున్న.

ఆటను డబ్బాతో సహా బీరువాల పెట్టి తాళమేసిన. పారెయ్యలె. నా ఇంట్లకు వచ్చినదాన్ని నా కండ్ల ముందరనే ఉంచుకుంట. నల్లాల ఇప్పటికీ మూడు గంటల బ్లాస్టింగ్ అయినంక ఒక్క దెబ్బ వినపడతది. నేను చేసేపని ఆపను. "విన్న," అంట నోటితోని. "నాకు చాన పనులున్నయి. వచ్చినప్పుడు వస్త." బదులు మాత్రం కొట్టను.

సుసన్నా మంచిగున్నది. దగ్గు లేదు, గోర్లు తెల్లగున్నయి. కాలేజీ తెరిచిన్రు, హాస్టల్‌కు పోయింది. మొన్న ఆదివారం వచ్చి, నన్ను కూసోమని, తనే పప్పు వండింది. నేను గడప మీద కూసోని పేపరు చదువుతున్న. అది పప్పు కలిపి, గరిటెను గిన్నె అంచు మీద కొట్టి దులిపింది.

టంగ్… టంగ్.

"రెండుసార్లు కొట్టకే," అన్న పేపరు మీదికెళ్ళి తల ఎత్తకుండ.

సుసన్నా గరిటె పట్టుకొని అట్లనే నిలబడ్డది.

"నేను ఒక్కసారే కొట్టిన అత్తా."