కడుక్కునే కీబోర్డు

ఆ పొద్దున కూడా టీ కీబోర్డు మీదే ఒలికింది. అత్తగారు గుడ్డ పెట్టి గబగబా తుడుస్తుంటే కోడలు దాన్ని అందుకుని బోర్లించింది. మీటల సందుల్లోంచి టీ కారుతూనే ఉంది. ఇలా ప్రాణం పోగొట్టుకున్న కీబోర్డులు ఇంతకు ముందే అటకెక్కి ఉన్నాయి.

డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని ఇంట్లోంచే రిపోర్టులు టైపు చేయడం అత్తగారి పని. ఆఫీసులో ఉన్న రోజుల్లో ఆవిడను అందరూ మెషిన్‌గన్ అనేవారు. డాక్టరు నసిగినా, దగ్గినా, వాక్యం మధ్యలో ఎవరితోనో పోట్లాడి వచ్చినా ఆవిడ రిపోర్టు మాత్రం తేటగా ఉండేది. ఆ వేళ్ల పరుగు చూస్తూ తలుపు దగ్గర నిలబడిపోయి కోడలు పాలు పొంగబెట్టిన సందర్భాలు బోలెడు.

కొడుక్కి మాత్రం ఓపిక నశించింది.

"ఇక చాలమ్మా. టీ దూరంగా పెట్టుకోమంటే వినవు. హాస్పిటల్‌వాళ్లకి నేనే ఫోన్ చేసి మానేస్తున్నావని చెప్పేస్తా."

"నా పని మాన్పించడానికి నువ్వెవడివిరా?" అందావిడ. మాట కోపంగానే ఉన్నా గొంతులో బెదురు ఉంది.

కోడలు పనిచేసేది పళ్ల డాక్టరు దగ్గర. అక్కడి కీబోర్డును రోజూ సబ్బునీళ్లతో కడుగుతారు. రబ్బరులా వంగుతుంది, చుట్ట చుట్టి సంచిలో వేసుకోవచ్చు. సాయంత్రం షాపుకి వెళ్లి, నచ్చింది ఉంచుకుంటానని చెప్పి అలాంటివి రెండు తెచ్చింది. ఒకటి ముట్టుకుంటే చాలు అక్షరం పడుతుంది. రెండోదాన్ని గట్టిగా నొక్కాలి, అందుకే దాన్ని చాలామంది తిరిగిచ్చేస్తారని షాపతను ముందే చెప్పాడు.

"చంటిపిల్ల కింద రబ్బరు షీటు వేసినట్టుందే" అని అత్తగారు మూతి ముడిచింది.

"ఒక్కసారి చూడండి అత్తయ్యా. నచ్చకపోతే ఇచ్చేద్దాం."

"తేలిగ్గా పడేదే ఉంచు. అమ్మ వేళ్లకి శ్రమ ఉండదు" అన్నాడు కొడుకు.

ఆవిడ దాని మీద టైపు చేసింది. తెర మీద ఒక్కో అక్షరం రెండేసి, మూడేసిసార్లు పడింది. మందు మోతాదు అయిదు కాస్తా యాభై అయిదైంది.

"చూశావా? ఇది ఏ రోగికో చేరితే ఏమవుతుంది?" అన్నాడు కొడుకు.

అత్తగారు చేతులు చటుక్కున ఒళ్లోకి లాక్కుంది. కోడలు అప్పుడు చూసింది. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నా ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి. టీ ఎందుకు ఒలుకుతోందో ఆమెకు అర్థమైంది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా? మాతో ఒక్క మాట అనకపోయారా?"

"ఒళ్లు దగ్గర పెట్టుకోని మనిషిననుకుంటే తిట్టి ఊరుకుంటారు. చేతులు వణుకుతున్నాయంటే కూర్చోబెట్టేస్తారు" అందావిడ. అంతటి మనిషి కళ్లు నీళ్లతో నిండాయి.

కోడలు రెండో కీబోర్డు తగిలించింది.

వణికే వేళ్లు మీటలకు తగులుతున్నాయి, కానీ ఏ అక్షరమూ పడలేదు. ఆవిడ కావాలని నొక్కింది. ఒక్కటే పడింది. మళ్లీ నొక్కింది, మళ్లీ ఒక్కటే. మెల్లగా ఓ వాక్యం పూర్తయింది. అందరూ వద్దని తిరిగిచ్చే ఆ మొరటు మీటలు వణుకును లెక్కచేయడం లేదు.

"నేను అనుకున్నదే పడుతోంది" అందావిడ నమ్మలేనట్టు. "మెషిన్‌గన్ మాత్రం కాదిక."

"తప్పు లేకుండా ఉంటే చాలు కదా అత్తయ్యా."

కొడుకు తల్లి పక్కన కూర్చుని ఆ వాక్యం చదివాడు. అక్షరం పొల్లుపోలేదు. వణికే ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ పని జోలికి రానమ్మా. రేపు మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం, కాదనకు."

"వెళ్దాంలే" అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ. "కానీ ఆయన ఏం చెప్పినా, నా రిపోర్టు నేనే టైపు చేస్తాను."