గుసగుసల ఇల్లు

ఆ ఇంట్లో తెల్లవారడం కూడా మునివేళ్ల మీదే జరిగేది. ఫిడేలమ్మ గిన్నెను గట్టు మీద పెట్టేటప్పుడు కింద చిటికెనవేలు అడ్డం పెట్టి, గిన్నె కుదురుకున్నాక మెల్లగా వేలు లాక్కునేది. కుక్కరు అటకెక్కి రెండేళ్లయింది. గుమ్మం బెల్లుకు తీగ పీకేశారు. కుర్చీల కాళ్లకు పాత మేజోళ్లు తొడిగారు.

రెండేళ్ల కిందట మామగారికి గుండెపోటు వచ్చింది. ఇంట్లో చప్పుడు ఉండకూడదని డాక్టరు చెప్పాడు. కళ్లద్దాల షాపు నడుపుకునే ఆమె భర్త ఆ మాటను శిలాశాసనం చేశాడు. తండ్రంటే అతనికి పంచప్రాణాలు. రోజూ తనే స్నానం చేయించి, మందులు వేసి గానీ షాపు తాళం పట్టుకోడు. అలాంటి మనిషిని పట్టుకుని ఏమనగలదు?

ఆ రోజు పొద్దున చేతిలో గరిటె జారి నేల మీద ఖంగుమంది. భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు, అంతే. తిట్టినా బాగుండేది, తిరిగి ఓ మాట అనడానికి సందు దొరికేది. ఆమె తల పైకెత్తి బీరువా మీదున్న ఫిడేలు పెట్టె వంక ఓసారి చూసి ఆఫీసుకు బయల్దేరింది.

ఆమెది నీటి బిల్లుల ఫిర్యాదుల కౌంటరు. కుళాయిలో గాలి తప్ప ఏమీ రావడం లేదని ఒకరు, ఆ గాలికే బిల్లు వేశారని ఒకరు, పొద్దున పది నుంచి అరుపులే అరుపులు. నీకింత ఓపిక ఎక్కడిదమ్మా అని పక్క సీటు గుమాస్తా రోజూ ఆశ్చర్యపోతాడు. ఓపిక కాదు పాడూ కాదు. నోరు తెరిచి అరవగలిగే మనుషులంటే ఆమెకు అసూయ. మధ్యాహ్నం పూట పాత ఫైళ్ల గదిలో నిలబడి, చెక్క స్కేలును మెడకు ఆనించుకుని దాని మీద వేళ్లు ఆడించుకునేది. ఒకప్పుడు తీగలకు కాయలు కాసిన వేళ్లు ఇప్పుడు మెత్తబడ్డాయి.

ఆ రోజు భోజనాల వేళకు ముందు కౌంటరు కిటికీలో ఓ పెద్ద మొహం ప్రత్యక్షమైంది. కోయిల. ఆకారం చూసి కాదు, గొంతు చూసి పెట్టిన పేరు. వెనకాల డ్రమ్ము వాయించే దర్జీ, అందరూ దరువు అని పిలిచే మనిషి, బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాడు. కోయిల పాటకు మిగతా ఇద్దరూ పదిహేనేళ్లు వాయించారు. పెళ్లిళ్లలో వాయించారు, బడుల్లో వాయించారు, ఒకసారి వానకు జనమంతా పారిపోతే ఖాళీ కుర్చీలకు కూడా వాయించారు.

"మా ఫిర్యాదు రాసుకో. రెండేళ్లుగా మా ఫిడేలు రావడం లేదు" అంది కోయిల.

ఫిడేలమ్మకు నవ్వొచ్చింది. కానీ టీకొట్టు బల్ల మీద కూర్చున్నాక నవ్వు మిగల్లేదు. వచ్చే నెల ఓ కచేరీ ఒప్పుకున్నారట. ఆదివారం నుంచి సాధన. ఆమె రాకపోతే వేరే ఒకావిడ వాయిస్తానందట. ఫోనులో చెప్పడానికి నోరు రాక ఇద్దరూ పని మానుకుని వచ్చారు. దరువు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీ ఆయన్ని అడిగి చూశావా?" అంది కోయిల.

"మా నాన్న ప్రాణం కంటే ఫిడేలు ఎక్కువా అని ఆయనంటే నేనేం చెప్పనే?"

ఆదివారం దాకా చూస్తామని చెప్పి ఇద్దరూ లేచారు.

సాయంత్రం గంట ముందే ఇల్లు చేరింది. మామగారు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు. భర్త షాపు నుంచి రావడానికి ఇంకా టైముంది. ఆమె ఫిడేలు దించి, సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకుంది. తీగల్ని మోసే చిన్న చెక్కకు బట్టల క్లిప్పు తగిలిస్తే శబ్దం సన్నబడుతుంది. బియ్యం డబ్బాలకూ గోడకూ మధ్య ఒదిగి నిలబడి కమాను లాగింది. దోమ ఏడ్చినట్టు వచ్చింది పాట. ఆ కాస్తకే ఆమెకు కళ్లు తిరిగినంత పనైంది. ఆవేళ ముందే ఇంటికొచ్చిన భర్త తలుపు తెరిచిన సంగతి చూసుకోలేదు.

"నాన్న పడుకున్నారు. నీకు మతి ఉండే చేస్తున్నావా ఈ పని?" అన్నాడు భర్త గొంతు నొక్కుకుని.

ఆమె కూడా గొంతు నొక్కుకునే చెప్పింది, ఆదివారంతో తన చోటు పోతుందని. పాపం, వాళ్ల పోట్లాట కూడా గుసగుసల్లోనే సాగింది.

"ఆయనకేమన్నా అయితే ఈ ఫిడేలు తెచ్చిస్తుందా మా నాన్నని?"

"తెచ్చివ్వదు. కానీ ఈ ఇంట్లో నేనూ ఒకదాన్ని బతికున్నానండీ. ఊపిరాడట్లేదు నాకు."

అతను ఫిడేలు అందుకోబోయాడు. ఆమె వదల్లేదు. ఆ పెనుగులాటలో క్లిప్పు ఊడి, తీగ ఒకటి ఇల్లంతా వినపడేలా మోగింది.

"అమ్మాయ్" అని లోపలి గదిలోంచి పిలుపు.

ఇద్దరూ పరుగెత్తారు. మామగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. కళ్లనిండా నీళ్లు.

"నాకింకెన్నాళ్లు చెప్పాడురా డాక్టరు? ఇవాళైనా దాచకుండా చెప్పండి."

కొడుకు తెల్లబోయాడు. అలాంటిదేం లేదు నాన్నా అన్నాడు.

"లేకపోతే ఇంట్లో ఈ గుసగుసలేంటి? నేను కళ్లు తెరిస్తే మాటలు ఆపేస్తారు. అమ్మాయి వాయించడం మానేసింది. చావింట్లో ఉన్నట్టు ఉంటారందరూ. అడిగితే మీరెక్కడ ఏడుస్తారోనని నేనూ అడగలేదు. రెండేళ్లుగా తయారై పడుకున్నానురా. చావేమో రాదు."

"డాక్టరు చప్పుడు వద్దన్నారు కదా నాన్నా."

"ఆస్పత్రి నుంచి వచ్చాక పదిరోజులు అన్నాడు. ఆ మాట నేనూ విన్నాను."

కొడుకు గోడకు ఆనుకున్నాడు. ప్రతి మూడు నెలలకూ డాక్టరు అన్నీ బాగున్నాయి, అలాగే కానివ్వండి అనేవాడు. మందుల గురించి అన్న మాటను ఇతను నిశ్శబ్దానికి కూడా అన్వయించుకున్నాడు. ఎప్పటిదాకా అని అడగాలని ఒక్కనాడూ తోచలేదు.

"అయితే నేను పోవట్లేదా?" అన్నాడు ముసలాయన, చిన్నపిల్లాడిలా.

కొడుకు తండ్రి ఒళ్లో తల పెట్టి బావురుమన్నాడు. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినపడే ఉంటుంది.

ఫిడేలమ్మ మంచం అంచున కూర్చుంది. రోజుకు మూడుసార్లు ఈ మంచం దగ్గరికి టీ తెచ్చింది. ఒక్కసారైనా పక్కన కూర్చుని ఏంటి మామయ్యా దిగులు అని అడగలేదు. పైగా ఈయన పోతే గానీ నాకు విడుదల లేదని ఒకటి రెండుసార్లు మనసులో అనుకుంది కూడా. అది తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన చెయ్యి పట్టుకుని క్షమించండి మామయ్యా అంది. ఎందుకో చెప్పలేకపోయింది.

ఆయన అడగలేదు. సామాన్ల గదిలోంచి సన్నగా తనకు వినపడి, సగంలో ఆగిన పాట పూర్తి చేయమన్నారు. మంచం పక్కనే నిలబడి వాయించింది. వేళ్లు తడబడ్డాయి, రెండుచోట్ల శ్రుతి తప్పింది. భర్త కళ్లు తుడుచుకుని, చివరిదాకా విని, ఫోను తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"ఆదివారం నేనొస్తున్నానే. ఇంకెవర్నీ పిలవకు" అంది ఫిడేలమ్మ.

అవతల్నుంచి కోయిల అడిగింది, "ఎక్కడున్నావే నువ్వు? అంత గట్టిగా మాట్లాడుతున్నావ్?"

"ఇంట్లోనే" అంది ఫిడేలమ్మ.