అది తిరిగి వస్తుందా?

"మీ చుక్క తప్పండీ," అన్నాడతను, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

"చుక్క నాది కాదు, ఆకాశానిది. గీత మాత్రం మీదే," అంది ఆ అమ్మాయి.

అబ్జర్వేటరీలో వాళ్ళిద్దరి పరిచయం ఈ మాటలతోనే మొదలయింది. టెలిస్కోపు తీసిన ఫోటోల్లో తోకచుక్క ఎక్కడుందో కొలిచి చెప్పడం ఆ అమ్మాయి పని. ఆ చుక్కలన్నీ కలిపి, తోకచుక్క ఎటు నుంచి వచ్చింది, ఎటు పోతుంది, మళ్ళీ వస్తుందా రాదా అని తేల్చడం అతని పని. అందరూ అతన్ని లెక్కల మాస్టారు అనేవారు. పొగడ్త అనుకుని అతను మురిసిపోయేవాడు.

ఈ తోకచుక్క శనిగ్రహం కంటే దూరాన మహా నిదానంగా కదులుతోంది. చేతికి దొరికింది దాని దారిలో చిన్న ముక్క. దాన్ని పట్టుకుని మొత్తం దారి చెప్పాలి. ఆ అమ్మాయి కొలిచిన చుక్కల్లో ఒకటి అతని గీత మీద పడనంది. మాస్టారు దాన్ని తీసి పక్కన పడేశాడు. మిగతా చుక్కలు బుద్ధిగా కూర్చున్నాయి. లెక్క తేలింది: ఈ తోకచుక్క ఇక తిరిగి రాదు.

అంత దూరపు సంగతి తేల్చినవాడికి, బల్లకు అవతల కూర్చున్న అమ్మాయి తనను చూస్తోందో, తన వెనక గోడ గడియారాన్ని చూస్తోందో మాత్రం తేలలేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గడియారం ఆగిపోయి ఉంది. అయినా అయ్యగారికి బుర్ర వెలగలేదు.

ఇంతలో కబురొచ్చింది. తోకచుక్క దక్షిణానికి దిగిపోతోంది, ఇక్కడి నుంచి కనబడదు. భూమధ్యరేఖకు అవతలి అబ్జర్వేటరీ వాళ్ళు ఆ అమ్మాయిని రమ్మన్నారు.

"వెళ్ళమంటారా?" అని అడిగిందామె, తడిసిన గొడుగు మూల ఆనిస్తూ.

వద్దనాలని ఉంది. అయినా నోటినుంచి ఊడిపడ్డ ముత్యం ఇది: "అక్కడ టెలిస్కోపు పెద్దదటండీ."

ఆమె గొడుగు మళ్ళీ తీసుకుని వానలోకే వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసు ఫోను మోగింది.

"బాబూ, నేను అమ్మాయి వాళ్ళమ్మను. ఒక్క మాట అడుగుదామని. ఆ దక్షిణం వెళ్ళిందంటే, అది మళ్ళీ తిరిగొస్తుందంటావా?"

మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎవరి ముందు తెలివి చూపించాలని ఇన్నాళ్ళూ కలలు కన్నాడో, ఆ అమ్మాయి తల్లే తోకచుక్క గురించి అడుగుతోంది.

"రాదండీ. నేనే తేల్చేశాను."

"నువ్వే తేల్చావా?"

"నేనేనండీ. వెళితే వెళ్ళినట్టే."

"కాస్త ఆపలేవా నాయనా?"

"ఎవరాపుతారండీ? దాని దారి దానిది. పైగా చూడ్డానికి కూడా పెద్దగా ఏం లేదు. మసక మసగ్గా ఉంటుంది. దగ్గరికొచ్చేకొద్దీ కాస్త ఉబ్బుతుంది కూడా."

"నీకు బాధగా లేదా?"

"బాధ దేనికండీ? ఏడాదికి ఇలాంటివి పదో పరకో వస్తూనే ఉంటాయి."

ఫోను ఠక్కున పెట్టేశారు. ఆవిడకు సైన్సు మీద ఎంత శ్రద్ధ అనుకుని, మాస్టారు రెండోసారి టీ తెప్పించుకున్నాడు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి అతని బల్ల ముందు నిలబడింది.

"నేను ఉబ్బుతానా?"

"ఏంటండీ?"

"దగ్గరికొచ్చేకొద్దీ ఉబ్బుతానట. మసక మసగ్గా ఉంటానట. నాలాంటివాళ్ళు ఏడాదికి పదిమంది వస్తారట. మా అమ్మతో అన్నారట."

"అది తోకచుక్కండీ. మీ అమ్మగారు 'అది' అన్నారు."

"కన్నకూతుర్ని 'వారు' అంటుందా?"

మాస్టారు తల పట్టుకున్నాడు. భూమి చీలితే దూరిపోయేవాడే, కానీ అంత అదృష్టమా.

"అసలు మీ అమ్మగారు నన్నెందుకడిగారు?"

"ఇంట్లో రోజూ మిమ్మల్నే తిడుతుంటాను. ఆవిడకు అర్థమైపోయింది. మీకే కాలేదు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "పోనీ తోకచుక్క సంగతైనా సరిగ్గా చెప్పారా? మీరు పారేసిన చుక్క పక్కన నేను రాసింది ప్రపంచమంతా వాడే టైమ్. మీరు ఇక్కడి టైమ్ అనుకుని మళ్ళీ మార్చారు. సరిచేసి చూడండి."

చూశాడు. పారేసిన చుక్క వచ్చి గీత మీద కూర్చుంది. దారి వంగి, చాలా దూరం తిరిగొచ్చి తనలో తానే కలుసుకుంది.

"వస్తుందండీ," అన్నాడు నీళ్ళు నములుతూ. "కొన్ని వేల ఏళ్ళకి."

"నాకంత పట్టదు. అక్కడ పని ఏడాదే. ఇప్పుడు చెప్పండి, నా గురించే అడిగితే మా అమ్మకేం చెప్పేవారు?"

ఈసారి టెలిస్కోపు మాట ఎత్తలేదు. "మీరు లేకపోతే ఈ గదిలో నా తప్పులు నాకే ఒప్పులుగా కనబడతాయి. వెళ్ళొద్దని మాత్రం అనలేను. ఏడాది ఎలా గడుస్తుందో తెలీదు. మీరంటే ఇష్టమండీ."

ఆమె కిటికీలోంచి వానను చూసింది. చూపు ఇటు తిప్పేసరికి కళ్ళలో నవ్వుంది.

"మీ పనికి టెలిస్కోపు కావాలా?"

"అక్కర్లేదు. కుర్చీ, కంప్యూటర్ చాలు."

"అక్కడ కుర్చీలు లేవన్నారా ఎవరైనా?"

అన్ని గోళాల కదలికలూ లెక్కకట్టినవాడికి తానూ కదలొచ్చని ఇంతవరకూ తోచలేదు. వాళ్ళింటికి ఫోను తిప్పాడు.

"అమ్మగారూ, ఇందాకటిది తోకచుక్క గురించండీ. ఇది మీ అమ్మాయి గురించి. తనంటే నాకిష్టం. తనతోపాటు నేనూ దక్షిణం వెళ్తాను, మీరు ఒప్పుకుంటే."

"ఒప్పుకుంటాను గాని, అక్కడికి వెళ్ళే ముందే పెళ్ళి కానివ్వండి. మళ్ళీ ఎవరైనా ఏదైనా అడిగితే నువ్వు మాట్లాడకు, ఫోను దానికివ్వు."

"దానికంటే..."

"నీకు కాబోయే పెళ్ళానికయ్యా."

ఫోను పెట్టి చూసేసరికి ఆమె అప్పటికే గుమ్మం దగ్గరుంది.

"రండి, మీ బదిలీ సంగతి అడుగుదాం, డైరెక్టర్‌గారు గదిలోనే ఉన్నారు."

"ఏమని అడగాలో ఇంకా అనుకోలేదండీ."

"నడవండి ముందు," అంది ఆమె.